నవసభలో దీపధారిణి

శంఖద్వీపానికి రేవు లేదు. కొండంత శంఖం ఒకటి నడిసముద్రంలో పక్కకు ఒరిగి ఉంటుంది. దాని నోరే ఆ ద్వీపానికి సింహద్వారం. ఉండి ఉండి ఆ నోరు సముద్రాన్ని గుక్కపెట్టి పీలుస్తుంది. మరుక్షణమే నురుగుతో సహా ఉమ్మేస్తుంది. లోపలి గోడలు లేత తామరరేకు రంగులో మెరుస్తూ, మెలికలు తిరుగుతూ పైకి పోయి, చిట్టచివర పగడపు స్తంభాల మండపంగా విచ్చుకుంటాయి. ఆ మండపంలో మాంత్రికుడు ధూమకర్ణుడు కొలువుతీరి ఉంటాడు. అతని ఆట ముక్కల్లో నా భార్య తరళ ఉంది.

ఎలా ఉందో చెబితే గాని నేనెందుకు వచ్చానో తెలియదు.

నా పేరు నాగదత్తుడు. సువర్ణరేవులో నాది ఆట ముక్కల వర్తకం. గుడ్డకు లక్క పట్టించి, గుండ్రంగా కోసి, బొమ్మలు వేసిన ఆ ముక్కలతో ఆడే కోటల ఆటంటే మా సీమలో రాజుల దగ్గర నుంచి ఓడకూలీల దాకా అందరికీ పిచ్చి. ఆట తీరు కష్టమేమీ కాదు. ఊళ్ళ ముక్కలు ధాన్యం ఇస్తాయి. వీరులు, ఏనుగులు ఆ ధాన్యం తింటే గాని కదలవు. ఎవరికి వారు తమ దగ్గరున్న ముక్కల్లోంచి ఏరి కట్ట కట్టుకుంటారు. వంతు వచ్చినప్పుడల్లా కట్ట మీది ముక్క ఒకటి తీసుకోవాలి. ఎదుటివాడి కోట బురుజులన్నీ కూల్చినవాడు గెలిచినట్టు. తన వంతులో తీయవలసిన ముక్క కట్టలో లేనివాడు ఓడినట్టు. ఈ రెండో నియమం అందరికీ తెలుసు గాని ఎవరికీ గుర్తుండదు. అంత దూరం ఆట సాగనివ్వరు గనుక.

తరళ ఆ ముక్కలకు బొమ్మలు వేసేది. పొద్దున్నే పీట వేసుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి పళ్ళెం నిండా ముక్కలు ఆరబెట్టి, కొట్లోకి తెచ్చి నా ముందు పెట్టేది. నేను ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటేవాణ్ణి. లక్క మంచిదైతే కంచు మోగినట్టు మోగుతుంది. కల్తీదైతే మూగగా ఉంటుంది.

"పెళ్ళాం చేతి ముక్కను కూడా మీటి చూస్తారా?" అనేది.

"మీటకుండా ఎవరి ముక్కా కొట్లో పెట్టను."

"సరే, నన్నూ ఒకసారి మీటి చూడండి. మోగుతానో లేదో తెలుస్తుంది."

ఆ మాట అన్న వారంలోనే ధూమకర్ణుడు మా ఇంటికి వచ్చాడు. తాను పట్టి తెచ్చిన రాజకుమారుల ప్రాణాలను ముక్కల్లోకి ఎక్కించే బొమ్మలు వేసిపెట్టమన్నాడు. తరళ కాదంది. ఆ క్షణాన ఆమె ముందు ఉన్నది దీపధారిణి అనే కొత్త ముక్క. తలుపు తీసి గడప దగ్గర దీపం పట్టుకుని నిలబడిన ఆడమనిషి బొమ్మ అది. అంచు చుట్టూ, దీపం వెలిగినంతసేపూ ఏలినవారు వంతుకు ఒక ముక్క అదనంగా తీయవలెను, అని రాసింది. ముఖం ఒక్కటే ఇంకా వేయలేదు. ధూమకర్ణుడి చెవుల్లోంచి పొగ లేచింది. పొగ విడిపోయేసరికి పీట మీద తరళ లేదు. బొమ్మకు ముఖం వచ్చింది. ఆ ముక్కనూ, ఆమె కుంచెనూ తీసుకుని అతను వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ వచ్చింది, పోయింది లెక్క చూసుకుంటే త్రాసు ఒకే వైపుకు ఒరిగి ఉంటోంది. ఏ సరుకు వేసినా కిందికి దిగిన తట్ట లేవడం లేదు. పీట తీయలేదు. రంగు చిప్పలు ఎండిపోతే నీళ్ళు పోసి తడిపేవాణ్ణి. లాభం లేని పని నేను చేసింది అదొక్కటే.

పడవ శంఖం నోటి దగ్గరికి వచ్చింది. నడుపుతున్నది నూకాలవ్వ. ఆ నీళ్ళలోకి పడవ తేవడానికి మగవాళ్ళెవరూ ఒప్పుకోకపోతే, వచ్చిన ముసలి పల్లెకారు మనిషి.

"కిరీటం వంకరగా ఉంది సెట్టిబాబూ," అంది తెడ్డు ఆపకుండా. "నాటకాలోళ్ళ దగ్గర కొన్నావా ఏటి?"

"అద్దెకు తెచ్చాను."

"అద్దెకా? మరి తిరిగి ఇవ్వాలంటే తిరిగి రావాలి గదా. మంచి పని సేసినావు."

రాజకుమారులకు తప్ప ఆ మండపంలో ప్రవేశం లేదు. అందుకే నేను ఆ రోజుకు మలయకేతుడినయ్యాను. మణిగిరి యువరాజును. లక్కతో చేసిన కిరీటం, గాజురాళ్ళ భుజకీర్తులు, నడుముకు ఒరలోంచి రాని కత్తి.

"ఒకటి సెప్తాను, ఇనుకో," అంది నూకాలవ్వ. "రాజులు నడిస్తే నేల సూడరు. నువ్వు ఎవరికేటి జారిపడిందో అని ఎతుక్కుంటా నడుస్తావు. ఆ బుద్ధి ఇక్కడ ఒగ్గీసి ఎల్లు."

శంఖం ఊపిరి పీల్చింది. పడవ కింద నీళ్ళు కొండవాగులా పరుగెత్తాయి. అవ్వ తెడ్డును రాతి పగులులో గుచ్చి పడవను ఆపింది. నేను మాత్రం ఆ ఉరవడిలోకి దూకాను. నీళ్ళు నన్ను తిరగలిలో గింజలా తిప్పుతూ పైకి పైకి మోసుకుపోయి మెరిసే మెట్ల మీద విసిరేశాయి. లేచేలోగా వెనక శంఖం ఉమ్మడం మొదలైంది. మెట్టు అంచు పట్టుకుని వేలాడాను. కాళ్ళ కింద సముద్రం వెనక్కి దుమికింది. పట్టు జారే సమయానికి అలలు అణిగాయి.

మెట్ల పైన తాబేటి తల ఉన్న ద్వారపాలకుడు నిలబడి ఉన్నాడు. చేతిలోని గిన్నె వంచి నా దారి పొడుగునా ముత్యాలు గుమ్మరించాడు. కోడిగుడ్లంత ముత్యాలు. ఒకటి నా కాలి బొటనవేలికి తగిలి దొర్లింది. అది దొర్లిన చప్పుడులోనే దాని మేలు తెలిసింది. మెడ వంగబోయింది. తరళ పీట గుర్తు తెచ్చుకుని, ఎదురుగా ఉన్న పగడపు స్తంభం మీద చూపు నిలిపి, ముత్యాలను తొక్కుకుంటూ నడిచాను. అరికాళ్ళ కింద అవి పటపటమని పగులుతుంటే ఒక్కొక్కదాని వెల మనసులో కట్టుకుంటూ పోయాను. నేను చెప్పిన మలయకేతుడి పేరు లోపలికి కేక వేసి ద్వారపాలకుడు పక్కకు తప్పుకున్నాడు.

మండపం గోడల నిండా గుండ్రటి ముక్కలు బిగించి ఉన్నాయి. ప్రతి ముక్కలోనూ ఒక రాజకుమారుడు. గుర్రం మీద ఒకడు, రథం మీద ఒకడు, విల్లు ఎక్కుపెట్టి ఒకడు. ఆ కళ్ళన్నీ నాతో పాటే కదిలాయి. మధ్యలో ఇసుక పరిచిన బల్ల. బల్లకు అవతల ధూమకర్ణుడు పులితోలు మీద ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చెవుల్లోంచీ సన్నటి పొగ, సాంబ్రాణి కడ్డీలు గుచ్చినట్టు, తీరిగ్గా పైకి పోతోంది.

"రండి మలయకేతా. మీ తండ్రిగారు కులాసాగా ఉన్నారా? మీ దాయాది ఒకాయన ఆ మూల ఉన్నాడు. పలకరించాలనుంటే పలకరించండి. జవాబు మాత్రం రాదు."

"ఆట అయ్యాక తీరిగ్గా పలకరిస్తాను."

"అందరూ అదే అంటారు," అన్నాడు. "తరువాత నిజంగానే చాలా తీరిక దొరుకుతుంది వాళ్ళకు."

ఆ మండపానికి ఒక న్యాయం ఉంది. శంఖాన్ని కట్టిన యక్షులు పెట్టినది. గడప లోపల ఉన్నంతసేపూ దాన్ని ధూమకర్ణుడు కూడా మీరలేడు. మొదలైన ఆటను మధ్యలో ఎవరూ ఆపకూడదు. సవాలు చేసినవాడు ఓడితే ముక్కై గోడకెక్కుతాడు. గెలిస్తే ఓడినవాడి కట్టలోంచి నచ్చిన ముక్క ఒకటి తీసుకుపోవచ్చు. కట్టలో ఉన్న ముక్కే సుమా. పెట్టెలో దాచినది కాదు, గోడ మీదిది కాదు. ఏ సభలో ఆడేదీ సవాలు చేసినవాడే చెప్పాలి. సర్వసభలో ఏ రాజు కాలంలో వేసిన ముక్క అయినా చెల్లుతుంది. ఏకసభలో ఒకే బొమ్మ కట్టలో రెండోసారి కనబడకూడదు. నవసభలో ఇప్పటి చక్రవర్తి పట్టాభిషేకం తరువాత వేసిన ముక్కలే చెల్లుతాయి. ముక్క వెనక ముద్ర చూసి తేలుస్తారు.

"ఏ సభ?" అన్నాడు ధూమకర్ణుడు, జవాబు తెలిసినట్టే. అతని చెయ్యి అప్పుడే పక్కనున్న గంధపు పెట్టె మీదికి పోయింది. వచ్చిన రాజకుమారులందరూ తాతల నాటి ఐరావతాలూ, శరభాలూ పట్టుకొచ్చి సర్వసభే అడిగారు. అందులో ధూమకర్ణుడిని గెలవడం ఎవరి తరమూ కాదు. అంతకంటే పాత మృగాలు అతని పెట్టెలో ఉన్నాయి.

"నవసభ," అన్నాను.

పెట్టె మీది చెయ్యి ఆగింది.

బేరానికి వెళ్ళేముందు ఎదుటివాడి కొట్లో ఏ సరుకు ఉందో చూసుకోవడం నా అలవాటు. ధూమకర్ణుడి పాత సరుకు అపారం. కొత్త సరుకు ఎక్కడిది? తరళను ఎత్తుకుపోయిన కబురు విన్న చిత్రకారులు దీవులన్నీ ఖాళీ చేసి పారిపోయారు. అతని దగ్గర ఉన్న కొత్త ముక్కలంటే, ఓడి గోడకెక్కిన ఈ రాజకుమారులే. అందరూ కడుపునిండా తినేవాళ్ళు. వాళ్ళను పోషించే కొత్త ఊళ్ళు అతని దగ్గర కొద్ది. అలాంటి కట్టలో ఊరు ఎప్పుడు చేతికొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోలేడు. వంతుకు రెండేసి ముక్కలు తీయించే సాధనం ఏదో కావాలి. ఆ సాధనం లోకంలో ఒక్కటే ఉంది, దీపధారిణి. సర్వసభలో ఆమె అవసరం అతనికి ఉండదు. నవసభ అంటే, ఆమెను కట్టలో పెట్టి తీరాలి.

నా కొట్లోని పాత ముక్కలన్నీ, మూడు తరాలు కూడబెట్టినవి, వదిలేసి వచ్చింది ఇందుకే.

ధూమకర్ణుడు గోడ మీది ముక్కలు కొన్ని దించి కట్ట కట్టుకున్నాడు. ఇద్దరం కట్టలు ఇసుక మీద పెట్టాం. ఎత్తు సమానంగా ఉన్నాయి. ధూమకర్ణుడు మొదటి ఊరు పరిచాడు. ఇసుకలోంచి బొటనవేలంత గుడిసెలు లేచాయి, పొయ్యి పొగ కూడా వచ్చింది. ఆ బల్ల మీద ముక్క పెడితే బొమ్మ ప్రాణంతో లేస్తుంది. నేనూ ఊరు పరిచాను. అతను ఒక రౌతును దించాడు. నేను కందకం తవ్వాను. అతను రథం తోలాడు. నేను కోట చుట్టూ ముసురు పట్టించాను.

"మీ ఏనుగులు ఎప్పుడొస్తాయి?" అన్నాడు.

"దారిలో ఉన్నాయి."

నా కట్టలో ఏనుగు లేదు. పులి లేదు. కత్తి పట్టినవాడు ఒక్కడూ లేడు. ఈ బల్ల మీద చచ్చిన ముక్క బూడిదవుతుంది. ఎదుటి వైపు తరళ ఉంటుందని తెలిసీ చంపే ముక్క ఎలా పెట్టుకుంటాను? ఊళ్ళు, కందకాలు, ఎత్తుడు వంతెన, ముసురు, తలుపులు. ఇంటిని వర్షాకాలానికి సిద్ధం చేసుకున్నట్టు కట్టిన కట్ట అది. దానితో గెలవలేను. ఓడకుండా కాలం గడపగలను, అంతే. గెలుపు అతని చేతుల మీదుగానే రావాలి.

రౌతులు కందకం దాకా వచ్చి వెనక్కి మళ్ళారు. ధూమకర్ణుడి చేతిలో రాజకుమారులు పేరుకుపోతున్నారు, ధాన్యం చాలడం లేదు. చెవుల పొగ చిక్కబడింది. చివరికి ఒక ముక్కను ఇసుక మీద మెల్లగా పెట్టాడు.

ఇసుకలోంచి ఒక గడప లేచింది. గడప మీద బొటనవేలంత తరళ, చేతిలో దీపం.

ఆకుపచ్చ చీరకు కుంకుమరంగు అంచు. జడ ఎప్పటిలా ఎడమ భుజం మీదికి. వేలికి అంటిన నీలి రంగు కూడా అలాగే ఉంది, ఆ రోజు కడుక్కునే వ్యవధి లేకపోయింది కదా. చూపు మాత్రం ఎటూ లేదు. ఎవరో చెప్పిన పని చేసే మనిషిలా దీపం పైకెత్తింది. ధూమకర్ణుడు రెండు ముక్కలు తీసుకున్నాడు. నా వంతు వచ్చిందని అతను గుర్తు చేయవలసి వచ్చింది.

ఆట సాగింది. నేను ఒకటి తీస్తే అతను రెండు తీశాడు. ఊళ్ళు వచ్చాయి, ధాన్యం వచ్చింది, రాజకుమారులు గుంపులుగా దిగారు. చేతి నిండా ముక్కలు చూసుకుని అతని ముఖం వికసించింది. ఎక్కువ ముక్కలు చేతికి రావడం నష్టమని ఈ ఆట ఆడేవాడు ఎవడూ అనుకోడు. నేను మాత్రం ఇసుక మీది రెండు కట్టలూ చూస్తున్నాను. అతనిది నా దానికంటే సన్నబడింది.

తరళ దీపం ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది. పిలిస్తే అందేంత దూరంలో ఉంది. ఒక్కసారి నా వైపు చూస్తే చాలనిపించింది. ఆ ఆశ మనసులో తిరుగుతూ ఉండగానే నా వంతు వచ్చింది. కట్ట మీది ముక్క తీశాను. తీసిన ముక్కను చెవి దగ్గరికి తెచ్చి గోటితో మీటాను.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్న పని. చెయ్యి తనంతట తానే చేసింది. ముక్క టంగుమని మోగింది.

బల్ల మీద తరళ తల తిప్పింది.

ఆ చూపు కోసం నేను సముద్రాలు దాటాను. అది నా మీద నిలిచింది. వంకర కిరీటాన్ని చూసింది, గాజు భుజకీర్తులను చూసింది. ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. నవ్వును ఆపుకునేటప్పుడు అలా వంగేది.

"రాజకుమారుడు ముక్కను మీటడు," అన్నాడు ధూమకర్ణుడు నెమ్మదిగా. "మీటేవాడు వర్తకుడు. నువ్వు ఆ సువర్ణరేవు సెట్టివి."

"నేనే."

"తలుపు దగ్గర ముత్యాలు తొక్కి వచ్చావా? ఎంత బాధపడ్డావో."

"కుడికాలి కింద పగిలినదానికి ఇంకా బాధగానే ఉంది."

అతను నవ్వాడు. నవ్వుతూనే నా కట్ట వైపు, తన కట్ట వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. దీపం వైపు చూశాడు. అంచు చుట్టూ ఉన్న అక్షరాలు చదువుకున్నాడు. తీయవచ్చును అని కాదు అక్కడ రాసింది, తీయవలెను అని. ఆ దీపం ఆరితే తప్ప అతని కట్ట తరుగు ఆగదు. దాన్ని ఆర్పే దారి ఒక్కటే, దీపం పట్టుకున్న మనిషి చావాలి.

"దీపధారిణీ, దండుకు ముందు నడువు. కోట మీదికి," అన్నాడు.

తరళ గడప దిగింది. దిగకుండా ఉండటం ఆమె వశంలో లేదు. ఆమె వెనక రౌతులు, రథాలు. ముందు నా కందకం నిండా నీళ్ళు. గుర్రాలు నీటిని చూసి మళ్ళుతాయి. కాలినడకన వచ్చే దీపధారిణికి మళ్ళమని ఆజ్ఞ లేదు. నీళ్ళలో దిగితే దీపం ఆరుతుంది, ముక్క బూడిదవుతుంది.

నేను వంతెన దించాను.

ఆమె వంతెన మీద నడిచి వచ్చింది. ఆమె వెనకే దండంతా వచ్చింది. ఒక బురుజు కూలింది. ఇసుక లేచి నా కళ్ళలో పడింది. ఆ మండపంలో బురుజు కూలినప్పుడల్లా దాని వేడి ఆ కోటవాడి ఒంటికి తగులుతుంది. భుజం మీద వాత తేలింది.

"ఎన్నిసార్లు దించుతావు సెట్టీ?"

"తను ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు."

మళ్ళీ పంపాడు. మళ్ళీ దించాను. ముసురు పట్టించి సగం రౌతులను దారి తప్పించాను. మిగిలిన సగం ఇంకో బురుజును కూల్చారు. ఆమె ప్రతిసారీ నా కోట గుమ్మం దాకా వచ్చి నిలబడేది, కళ్ళలో నీళ్ళతో. ఎత్తిన దీపం మాత్రం వణికేది కాదు. నేను కూలిన బురుజులనూ, సన్నబడుతున్న అతని కట్టనూ మార్చి మార్చి చూస్తూ బేరీజు వేసుకున్నాను. ఆమె బతికి ఉన్నంతసేపూ దీపం వెలుగుతుంది. దీపం వెలిగినంతసేపూ అతను తీయక తప్పదు. ఆమెను కాపాడటం, అతన్ని ఖాళీ చేయడం ఒకే ఖర్చులో జరుగుతున్నాయి. ఆ ఖర్చు నా ఒళ్ళు భరించగలదా అన్నదే మిగిలిన ప్రశ్న.

చివరి బురుజు మిగిలింది. చొక్కా భుజాల దగ్గర కాలిపోయింది. ధూమకర్ణుడి వంతు. చెవుల పొగ నల్లగా మండపం పైకప్పును కప్పేసింది. అతను చెయ్యి చాపాడు. ఒక ముక్క తీశాడు. తరళ దీపం ఎత్తింది, నేను చూసినవాటన్నిటిలోకీ ఎత్తుగా. అతను ఇంకో ముక్క కోసం చెయ్యి పెట్టాడు. వేళ్ళు ఇసుకను తాకాయి.

గోడల మీద రాజకుమారులందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. బల్ల మీద బొమ్మలన్నీ ఇసుకలోకి కుంగిపోయాయి. దీపధారిణి ముక్క ఒక్కటి దొర్లుకుంటూ వచ్చి నా చేతికి తగిలి ఆగింది.

తక్కిన ముక్కల వైపు చూడకుండా దాన్ని తీసుకున్నాను. ఒక్కటే తీసుకోవచ్చు. చూస్తే ఆ ముఖాలు నాతో వచ్చేస్తాయని తెలుసు.

"ముక్క నీది," అన్నాడు ధూమకర్ణుడు. "మనిషిని ఏం చేస్తావు? ఆమెను గీసిన కుంచెతోనే ఆమెను బయటికి గీయాలి. ఆ కుంచె నా గురువు దగ్గర, నీలగహ్వరంలో ఉంది. ఇంకొకటి కూడా విను. ఈ మండపం బయట ఆ దీపం వెలిగితే నూనె ఉండదు. ఆమె రంగే కాలుతుంది. రంగంతా అయిపోయిన ముక్కలో ఏముంటుందో నీకు తెలుసు. నీ వర్తకమే కదా."

"ఇవన్నీ ఎందుకు చెబుతున్నావు?"

"భయంతో పరుగెత్తేవాణ్ణి పట్టుకోవడంలో సరదా ఉంది. న్యాయం గడప వరకే, సెట్టీ."

నేను గడప దాటుతూనే పరుగందుకున్నాను. వెనక మండపం పొగతో పగిలింది. తాబేటి తలవాడు ఈటె విసిరాడు. అది నా లక్క కిరీటాన్ని ఎగరగొట్టి స్తంభంలో దిగింది. పగిలిన ముత్యాల మీద కాలు జారి, జారినవాణ్ణి లేవకుండానే మెట్ల మీదుగా కిందికి దొర్లాను. అదే సమయానికి శంఖం ఉమ్మింది. నీళ్ళు నన్ను బాణంలా బయటికి విసిరాయి. నూకాలవ్వ నా జుట్టు పట్టుకుని పడవలోకి లాగింది.

"కిరీటమేదీ?"

"పోయింది."

"అద్దె సొమ్ము ఒదులుకో మరి," అని తెడ్డు వేసింది.

శంఖం నోట్లోంచి నల్లటి పొగ కొండచిలువలా సాగి సముద్రం మీదికి దిగింది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆరిపోయింది. పడవ ముక్కు కూడా కనబడలేదు. చుట్టూ మొసలిపళ్ళ లాంటి రాళ్ళు ఉన్నాయని వచ్చేటప్పుడు చూశాం. ఇప్పుడు వాటికి అల తగిలే చప్పుడే వినబడుతోంది, అన్ని వైపుల నుంచీ. పొగ లోపల ఏదో భారంగా ఈదుతూ వస్తోంది.

"సెట్టిబాబూ, నీ ఇంటిదాని సేతిలో దీపముంది గదా," అంది అవ్వ. "ఒక్కసారి బయటెట్టు. దారి సూసుకుంటాను."

"వద్దు. రంగు కాలుతుంది."

"రాయి తగిలితే ముగ్గురం పోతాం."

"నువ్వు చెవితో నడుపు అవ్వా. నేను రాళ్ళను తోస్తాను."

ముక్కను బోర్లించి గుండెకు ఆనించి, పైన ఉత్తరీయం బిగించి కట్టాను. గడకర్ర తీసుకుని చప్పుడు వచ్చిన వైపు గుచ్చాను. పడవ ఒక రాయిని రాసుకుని పోయింది. ఇంకో రాయి గడకర్రను విరిచింది. వెనక ఈదేది బాగా దగ్గరయ్యింది, దాని ఊపిరి మెడకు తగిలింది.

అప్పుడు నా గుండె దగ్గర వెచ్చబడింది.

ఉత్తరీయంలోంచి, కాలిన చొక్కాలోంచి వెలుగు బయటికి వచ్చింది. తేనె రంగు వెలుగు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఈసారి ఆమె తనంతట తానే ఎత్తింది. పొగ రెండుగా చీలింది. రాళ్ళ నడుమ సన్నటి నీటిదారి కనబడింది. అవ్వ పడవను ఆ సందులోకి తిప్పింది. వెనక ఈదుతున్నది రాళ్ళకు కొట్టుకుని అరిచింది.

ముక్కను బయటికి తీసి తిప్పాను. తరళ గడప మీద నిలబడి నా వైపే చూస్తోంది. దీపం నిలకడగా వెలుగుతోంది. ఆర్పమని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చీర అంచున కుంకుమరంగు అప్పటికే లేదు. ఆకుపచ్చ పాదాల దగ్గర నుంచి పలచబడుతూ పైకి వస్తోంది.

ముక్కను చెవికి ఆనించి గోటితో మెల్లగా మీటాను. మోగింది, కొంచెం సన్నగా.

"అవ్వా, నీలగహ్వరం ఎటు?" అన్నాను.

ఆమె తెడ్డుతో ఉత్తరం వైపు చూపింది. అటు నీటికి అంతు కనబడలేదు. చీరలో ఎంత ఆకుపచ్చ మిగిలిందో, జడలో ఎంత నలుపుందో, వేలికి అంటిన ఆ నీలం ఎంత దూరం వస్తుందో, నేను లెక్క వేయడం మొదలుపెట్టాను.